బ్యాండికూట్ గారికి, కడప నుంచి

మహారాజశ్రీ బ్యాండికూట్ గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. తమరు అక్కడ ఇంగ్లీషు నిఘంటువులో ‘బి’ అక్షరం కింద, అరటిపండుకు కాస్త దూరంలో, క్షేమంగా ఉన్నారని తలుస్తాం. మేమిక్కడ క్షేమం అని రాయడానికి మొన్న ఆదివారం మధ్యాహ్నం దాకా ఏ అభ్యంతరమూ లేకపోయింది.

రెండున్నరకని చెప్పిన క్విజ్ నాలుగ్గంటలకు మొదలైంది. దానికి తమర్ని అనేదేం లేదు. మైకు కీచుమనడం, ముఖ్య అతిథి తన చిన్ననాటి ముచ్చట్లు చెప్పడం, దండల్లో ఒకటి తక్కువ పడటం అన్నీ అయ్యాక 37వ ప్రశ్నగా తమరు వేంచేశారు. బ్యాండికూట్ అనే ఇంగ్లీషు మాట ఏ భాష నుంచి వచ్చింది? అ) లాటిన్, ఆ) డచ్, ఇ) మలయ్, ఈ) ఆస్ట్రేలియా ఆదివాసీ భాష. అంతే. ‘పైవేవీ కావు’ అని ఒకటి పెట్టి ఉంటే దాని నీడలోనైనా తెలుగు తలదాచుకునేది. అదీ లేదు. కీలో జవాబు ‘ఈ’. తెలుగు అని పక్కన రాసిన పిల్లలకు మార్కు కోత. లేచి అడిగితే వచ్చిన సమాధానం: ‘నెట్‌లో చూసే పెట్టినాం బాబూ. బొమ్మ కూడా ఉంది.’

బొమ్మ ఉన్న మాట నిజమే. పొడుగు మూతి, నిక్కిన చెవులు, పొట్ట కింద సంచి. చూస్తే ముద్దొస్తుంది. మా గట్ల కింద బుడ్డలు (వేరుశనగ కాయలు) దోచుకుని దాచిపెట్టే పందికొక్కుకీ ఆస్ట్రేలియాలోని ఆ జంతువుకీ చుట్టరికమే లేదు. అది కంగారూ తెగది. సంచీలో పిల్లల్ని మోస్తుంది. ఆ సంచి మూతి కూడా వెనక్కి ఉంటుంది, మన్ను తవ్వేటప్పుడు పిల్లల మీద పడకుండా. పన్నెండు పదమూడు రోజులకే ఈనుతుంది, పాలిచ్చే జంతువుల్లో అంత తక్కువ చూలు మరో దానికి ఉండటం అరుదు. ఘనమైన జంతువే, కాదనం. కానీ దాని పేరు దానిది కాదు. తమరి దగ్గర అరువు తెచ్చుకున్నది.

ఇంతకీ ఇది జరిగింది ఏ ఊళ్లో? 1820లో, ఇరవై రెండేళ్లయినా నిండకుండా, కలెక్టరు కింద కొలువుకు వచ్చి, తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి తాటాకులు దులిపించి, పాఠాలు సరిచూయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్న ఊళ్లో. ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలో ఆయన పేరు మీదే ఇప్పుడు గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. క్విజ్ రాసిన పెద్దమనిషి ఆటో ఎక్కి అక్కడ దిగి, బ్రౌన్ నిఘంటువు అడిగి, కొక్కు ఉన్న పేజీ తెరిచి ఉంటే పని అయిపోయేది. తిరుగు ఆటోతో కలిపి గంట. బొమ్మ మాత్రం ఉండదనుకోండి.

సరే, తమరి పాస్‌పోర్టు ఒకసారి ఇటివ్వండి. అక్షరం అక్షరం చూద్దాం.

ఇక్కణ్నుంచి బయల్దేరినప్పుడు నాలుగక్షరాలు: పం, ది, కొ, క్కు. అక్కడ దిగేసరికి మూడు: బ్యాం, డి, కూట్. సామాను ఎక్కడెక్కడ మారిందో చెప్తాం.

మొదట ‘ప’. అరచెయ్యి నోటికి ఎదురుగా, నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని, ‘పంది’ అనాలి. అరచేతికి గాలి తగలదు. అదే ఇంగ్లీషు దొర వాళ్ల భాషలో పెన్ను పేరు చెప్తే ఫక్కుమని తగులుతుంది. వాళ్ల ‘ప’కు మాట మొదట్లో ఒత్తు ఉంటుంది, మనదానికి ఉండదు. ఒత్తు లేని ‘ప’ వాళ్ల చెవికి ‘బ’లాగే పడుతుంది. ఇది తప్పు కాదు, చెవి అలవాటు. అన్ని మాటల్లోనూ ఇట్లాగే జరగాలనీ లేదు. పులికాట్‌కు ‘ప’ ‘ప’గానే మిగిలింది. అందుకే ఒక్క అక్షరం చూసి తీర్పు చెప్పకూడదు.

తర్వాత ‘ది’. పోయేటప్పుడు పళ్లకు నాలుక తగిలే ‘ద’. వాళ్లకు ఆ ‘ద’ లేదు, వాళ్ల ‘డి’ పలికారు. తమరు తిరిగొచ్చినప్పుడు మనవాళ్లు ఆ ‘డి’ని నమ్మకంగా ‘డ’తో రాసుకున్నారు. దత్తు పోయిన పిల్లాడు తిరిగొస్తే ఇంటిపేరు మారినట్టు.

‘కొక్కు’ సంగతే అసలు రంధి. చివరి ‘ఉ’ ఊడటం వింత కాదు, అజంతం వాళ్లకు బరువు. ‘క్క’ పోయి ‘ట్’ ఎందుకొచ్చింది? దీనికి ధ్వని సూత్రం వెతకడం దండగ. వాళ్ల చెరువుల్లో కూట్ అనే పక్షి ఒకటి ముందునుంచే ఉంది, నల్లగా, నుదుటి మీద తెల్ల పట్టీతో. తెలియని మాట చివర తెలిసిన మాట అతికించుకోవడం ఇంగ్లీషుకు పాత రోగం. మరాఠీ మంగూస్‌ను తీసుకుపోయి చివర ‘గూస్’ చేశారు, బాతు. ముంగిసలో బాతు ఎక్కడుంది? స్పానిష్ వాళ్ల కుకరాచ ‘కాక్‌రోచ్’ అయింది, బొద్దింకకు కోడిపుంజు తగిలించారు. అదే వరసలో తమరికీ ఒక పక్షిని కట్టబెట్టారని మా లెక్క. (అన్నట్టు ముంగిస కూడా మనదే అని ఇప్పుడే ఎగరొద్దు. నిఘంటువులు మరాఠీ వైపే చెయ్యి చూపిస్తాయి.)

ధ్వనులు కుదిరినంత మాత్రాన సరిపోదు. ధ్వనులు కుదిరితే చాలనుకునేవాళ్లే ‘బండికూత’ అని పుట్టిస్తారు. గుంతకల్లు జంక్షన్‌లో రైలుబండి కూత విని దొర రాసుకున్నాడట! ‘బండికూత’ ‘బ్యాండికూట్’కు పందికొక్కు కన్నా దగ్గరగా వినిపిస్తుంది, అదే అసలు ప్రమాదం. కానీ రైలు మన దేశంలో పట్టాలెక్కేసరికి 1853. తమరు అంతకు అరవై ఏళ్ల ముందే, పద్దెనిమిదో శతాబ్దం ముగిసేలోపే, ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కేశారు. మాట వయసు ముందు తేల్చుకోవాలి. చుట్టరికం తర్వాత.

వయసు తర్వాత అర్థం. కొక్కు అంటే ఎలుక, అందులోనూ పెద్దది. వినాయకుడికి కొక్కురౌతు అని పేరుంది, కొక్కును గుర్రం చేసుకుని తిరిగేవాడని. దానికి ముందు పంది ఎందుకంటే, ఒకసారి మూలకు తరిమి కర్రతో పొడిచి చూస్తే తెలుస్తుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. మూతి మొద్దు. పెద్ద రకం అర కేజీ నుంచి ముప్పావు కేజీ తూగుతుంది, మూతి నుంచి తోక కొస దాకా అడుగున్నర దాటుతుంది. ఇబ్న్ బతూతా పద్నాలుగో శతాబ్దంలో దేవగిరి చెరసాలలో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలున్నాయని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని రాసుకున్నాడు. పేరు మాత్రం రాసుకోలేదు. ఏ తెలుగువాడో పక్కన ఉంటే నాలుగువందల ఏళ్ల ముందే తమరికి పాస్‌పోర్టు వచ్చేది.

ఆఖర్న ఇరుగుపొరుగును అడగాలి. ఈ పని చెయ్యకనే చాలామంది బోల్తా పడతారు. రాయదుర్గం దాటి బళ్లారి వైపు పోతే ఇదే జంతువు హెగ్గణ. అరవంలో పెరుచ్చాళి. హిందీలో ఘూస్. (హిందీలో లంచాన్నీ ఘూస్ అనే అంటారు. రెండూ గోడ కింద నుంచే వస్తాయి కాబట్టి ఆ భాషను తప్పు పట్టలేం.) ఈ పేర్లలో పంది ఉన్నది తెలుగు ఒక్కదానిలోనే. పోనీ పంది మాటే పొరుగువాళ్లది అనుకుందామా? అరవంలో అది రాతలో ‘పన్ఱి’, నోట్లో ‘పన్ని’. కన్నడలో పాత ‘ప’ అంతా ‘హ’ అయిపోయింది, పాలు హాలు, పులి హులి, పంది హంది. అరవం నుంచి పోయుంటే తమరు పన్నికూట్. కన్నడం నుంచైతే హ్యాండికూట్. తమరి నడుమ ఉన్న ఆ ‘ండి’ తెలుగు ముద్ర. దాన్ని ఏ రేవులోనూ చెరపలేకపోయారు.

సాక్షి కావాలా? ఇండియా నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాటలకు 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఉంది. యూల్, బర్నెల్ ఇద్దరి కృషి. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు వాడు, పుస్తకం అచ్చు కళ్లచూడకుండానే 1882లో పోయాడు. తమరి పేరు కింద తెలుగు ‘పంది-కొక్కు’ చెడిన రూపం అని, పంది-ఎలుక అని అర్థంతో సహా రాసిపెట్టారు. సైన్సువాళ్లు ఇంకో అడుగు వేశారు. 1873లో గ్రే అనే జంతుశాస్త్రవేత్త ఈ ఎలుకల జాతికి బ్యాండికోట అని పేరు పెట్టాడు. పెద్ద రకం బ్యాండికోట ఇండికా. అంటే లాటిన్ చొక్కా తొడుక్కున్న తెలుగు, పక్కన ఇండియా. ప్రశ్నలో ‘అ) లాటిన్’ అని పెట్టినవాడు ఇక్కడ జారాడేమో.

ఒక్క విషయంలో మాత్రం మాకూ నోరు లేవదు. తమరు కడపలోనే పుట్టారని, మన్రో దొర కచేరీలోనే ఇంగ్లీషు నేర్చారని చెప్పుకోవాలని ఉంటుంది. కుదరదు. నిజాం ఈ జిల్లాలను కంపెనీకి రాసిచ్చింది 1800లో. అప్పటికే తమరు ఇంగ్లీషులో కాపురం పెట్టారు. కంపెనీ 1611 నుంచి మచిలీపట్నంలో, 1639 తర్వాత మద్రాసులో ఉంది. ఓడ అటువైపు ఎక్కి ఉంటారు. కోస్తా పందికొక్కే అనుకోండి. తెలుగు పందికొక్కు కాకుండా పోదు కదా. కర్నూలైతే 1839 దాకా కంపెనీ చేతికే రాలేదు, ఆ ఊరివాళ్లు మరీ ఎగరక్కర్లేదు.

ఆస్ట్రేలియా మెలిక ఎక్కడ పడిందంటే, 1788లో మొదటి ఓడలు సిడ్నీ తీరంలో జనాన్ని దించాయి. కొత్త దేశం, పేరు తెలియని జంతువులు. గెలికి మన్ను తవ్వేది, ఎలుకలాంటిది ఒకటి కనబడింది. అప్పటికే ఇండియా నుంచి ఇంగ్లీషు నోళ్లలో ఆడుతున్న మాట తమరిది. తగిలించేశారు. అక్కడి ఆదివాసులకు ఆ జంతువుకు వాళ్ల సొంత పేర్లు ఉన్నాయి. వాళ్ల పేర్లు తీసేసి మన పేరు పెట్టి, ఇప్పుడు మన పేరు వాళ్లదే అని మాకు చెప్పడం. రెండు ఇళ్లకూ ఒకేసారి కన్నం.

ఇంకా ఆ దేశంలో తమరు క్రియాపదం కూడా అయ్యారట. ఉర్లగడ్డ తోటలో పైన ఆకూ కాడా కదలకుండా కింద గడ్డలు మాత్రం చేత్తో గెలుక్కుని పోవడాన్ని అక్కడ ‘బ్యాండికూటింగ్’ అంటారు. తోటవాడు పొద్దున వచ్చి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. వారం తర్వాత పీకితే వేర్లు.

అయ్యా, ఇక్కడ మర్యాద అయిపోయింది.

ఏమప్పా కొక్కూ! నువ్వు మాకు చేసింది గూడా అదే గదా! పైన ఆకు కదల్లేదు. పందికొక్కు అనే మాట మా నోళ్లలో అట్లే ఉండాది. అత్త కోడల్ని తిట్టేటప్పుడు ఉండాది, తింటా కూచున్నోడిని ‘పందికొక్కు మాదిరి బలిసినావు’ అనేటప్పుడు ఉండాది. కింద గడ్డ మాత్రం యాడికి పోయిందో ఎవురికీ తెల్దు. మా పిల్లోళ్లు బడిలో ‘బి’ ఫర్ బ్యాండికూట్ అని బొమ్మ చూసి నేర్చుకుంటాండారు, సంచి ఉండే బొమ్మ. ఇంటికొచ్చి ధాన్యం గదిలో నిన్ను చూస్తే ‘ర్యాట్’ అంటారు. నువ్వే ఇది, ఇదే నువ్వు అని చెప్పేవాడు లేడు. చెప్పినోడికి మార్కు కోత!

గోడౌన్‌ది గూడా ఇదే కత. ‘గో డౌన్’, కిందికి పో అనే రెండు మాటలు కలిస్తే గోడౌన్ అయిందని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్లు ఉండారు. అది మలయ్ వాళ్ల గుదాంగ్ మీదుగా ఇంగ్లీషులోకి పోయింది, దాని వెనకాల తెలుగు గిడ్డంగి, అరవం కిడంగు ఉండాయని నిఘంటువులు చెప్తాయి. మార్కెట్ యార్డులో ఇప్పుడు గిడ్డంగి అంటే హమాలీ గూడా తిరిగి చూడడు, గోడౌన్ అనాల్సిందే. గోడౌన్‌లో బ్యాండికూట్! గిడ్డంగి మనది, పందికొక్కు మనది, తింటాండేది మన బుడ్డలు. మాటలు మాత్రం దొరవి.

కోపం చల్లారనిచ్చి ఒక పనికొచ్చే మాట. నిన్ను పట్టేవాళ్ల పద్ధతి ఏమిటంటే, తొలిరోజే మందు పెట్టరు. పెడితే వాసన చూసి రవ్వంత కొరికి వదిలేస్తావు, కడుపునొప్పి గుర్తుపెట్టుకుంటావు, మళ్లీ ఆ నూకల జోలికి రావు. అందుకని రెండు మూడు రోజులు వట్టి నూకలు నూనె రాసి పెడతారు. అలవాటయ్యాక 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింక్ ఫాస్ఫైడ్ అనే విషం. పది గ్రాముల పొట్లం కట్టి, కొత్త మన్ను కుప్ప ఉన్న బొక్కలోకి తోస్తారు. వాట్సాప్ పద చరిత్రకారుల పద్ధతీ అక్షరాలా ఇదే. మొదటి రోజు మ్యాంగో దక్షిణాది మాట అంటారు, నిజం. రెండో రోజు కాటమరాన్ అరవం కట్టుమరం అంటారు, అదీ నిజం. వట్టి నూకలు. మూడో రోజు పొట్లం: ‘పాష్’ (దర్జా) అంటే ఓడలో పోయేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలట. దానికి ఒక్క టికెట్టు ముక్క ఆధారం ఇంతవరకు దొరకలేదు. కానీ అప్పటికే జనం నూకలకు అలవాటు పడి ఉంటారు. పొడి అక్షరాల కథ వినబడగానే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పాత మాటలు అట్లా పుట్టడం బహు అరుదు. ఆ రెండు పాళ్లు అక్కడే ఉంటాయి.

ఇంకొకటి, అన్నీ సంస్కృతమే అనే పెద్దలు. వాళ్లకు నీ జోలి వద్దని చెప్పాలి. పంది అచ్చతెలుగు, కొక్కు అచ్చతెలుగు. సంస్కృతం వాళ్లకు వరాహం ఉంది, మూషికం ఉంది. రెండూ అతికించి వరాహమూషికం అని చూస్తే ఓడెక్కేది కాదు, రేవులోనే మునిగేది.

నిజం చెప్పాలంటే నీ మీద కోపం ఎంతసేపని? పిట్ట పోయి పక్షిశాస్త్రంలో ‘పిట్టా’ అని ఒక రంగురంగుల పక్షి జాతికి పేరై కూర్చుంది. దాన్ని అసలు ఎవరూ తలుచుకోరు. నువ్వు నయం. వీడియో గేముల్లో దూకుతున్నావు. 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోళ్లలోకి మనిషి దిగే పని లేకుండా దించిన రోబోకు నీ పేరే పెట్టారు. ఇన్నేళ్లలో నీ పేరు పెట్టినవాళ్లలో నువ్వు భూమి కింద ఏం పని చేస్తావో గుర్తు పెట్టుకున్నది వాళ్లొక్కరే. దానికి మాత్రం మా నమస్కారం, మళ్లీ మీరు అనేసి, తమరికి.

కాబట్టి తమరితో మా మనవి ఒక్కటే. 37వ ప్రశ్నకు అభ్యంతర పత్రం రాసి పెట్టాం. బ్రౌన్ నిఘంటువు నుంచి కొక్కు పేజీ, హాబ్సన్-జాబ్సన్ నుంచి తమరి పేజీ జిరాక్సు తీసి జతచేశాం. నిర్వాహకులు ‘బొమ్మ లేదు గదా’ అంటున్నారు. ఈ రాత్రి తమరి బంధువర్గం ఎటూ వాళ్ల గోడ కిందకు వస్తుంది. బీరువా వెనక ఒకసారి గుర్రుమని, మూతి బయటపెట్టి, ఫోటోకు నిలబడితే చాలు. మిగతాది మేం చూసుకుంటాం.

ఇట్లు,
మార్కు కోల్పోయిన పక్షం తరఫున,
ఎర్రముక్కపల్లె దారిలో ఒక తెలుగువాడు

తా.క.: గుత్తి సాలీడు గారికి కూడా ఇట్లాంటి లేఖే సిద్ధమవుతోందని చెప్పండి. 1899లో గుత్తి రైల్వే కట్టెల యార్డులో దొరికిందని దొర ఆ నీలిరంగు సాలీడుకు శాస్త్రం చదివినవాళ్ల నోట గుత్తి పేరు స్థిరపడేలా రాసుకున్నాడు. తీరా నూరేళ్ల తర్వాత చూస్తే అది ఉండేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. కట్టెల వ్యాగన్‌లో గుత్తిలో దిగినట్టుంది. నంద్యాలవాళ్లు ఇంకా గమనించలేదు.